విడిఆర్ జీన్ రిపోర్టులో ఎర్ర ముల్లు: నా పొట్టకి కారణం అదేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 38, నిజాంపేటలో ఇల్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము 102 సెంటీమీటర్లు. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకి 11 నానోగ్రాములు వచ్చింది, తక్కువే. ఆఫీసులో డిస్కౌంట్ ఉందని 14,000 రూపాయలు పెట్టి జీన్ టెస్టు చేయించుకున్నారు. విడిఆర్ (విటమిన్ డి రిసెప్టర్) జీన్‌లో ఫోక్-వన్ దగ్గర ‘చిన్న ఎఫ్, చిన్న ఎఫ్’, టాక్-వన్ దగ్గర ‘పెద్ద టి, చిన్న టి’ అని వచ్చాయి. పక్కనే స్పీడోమీటర్ లాంటి బొమ్మలో ముల్లు ఎర్రరంగు మీద నిలబడి ‘ఊబకాయం రిస్కు: హై’ అంది. మీ ఒంటికి విటమిన్ డి పట్టదు కాబట్టి జీవితాంతం డబుల్ డోసు వాడాలని, డి సర్దుకుంటే బరువు దానంతటదే దిగుతుందని వాళ్ళ కౌన్సెలర్ ఫోన్లో చెప్పింది. ఇందులో నిజమెంత, తొమ్మిదేళ్ళ పాపకి కూడా చేయించాలా అన్నది మీ ప్రశ్న.

పాపకి వద్దు. చివరి ప్రశ్నని ముందుకి తెచ్చాను, మిగతాది చదివేలోపు మీరు వాళ్ళ ఫ్యామిలీ ప్యాక్ టెస్టు బుక్ చేసేస్తారేమోనని. ఆ డబ్బుతో పాపని ఈతకి పంపండి.

ఇక మీ సంగతి. మీ రిపోర్టు బాణాన్ని తిప్పి గీసింది. డి తగ్గినందువల్ల మీరు లావెక్కలేదు. లావు వల్ల కొంత, ఎండ మొహం చూడకపోవడం వల్ల చాలా, మీకు డి తగ్గింది. ఆ రెండు చిన్న ఎఫ్‌లకి ఈ కథలో డైలాగు లేదు, జనంలో నిలబడ్డ వేషం మాత్రమే.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే ఈ విడిఆర్‌తో నేను కొన్నేళ్ళు కాపురం చేశాను. 2000 తర్వాతి రోజుల్లో హైదరాబాద్‌లోనే ఒక ల్యాబులో (పేరు అనవసరం) ఇవే మార్పుల్ని వందల శాంపిళ్ళలో చేత్తో చదివాను. తర్వాత పదిహేనేళ్ళుగా జెనెటిక్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. నెలకి ఇద్దరు ముగ్గురైనా మీలాంటి రిపోర్టు పట్టుకుని వస్తారు. ఎర్ర ముల్లు ఉన్న పేజీకి మడత పెట్టి ఉంటుంది.

ముందు ఆ పేర్ల భయం పోవాలి. ఫోక్-వన్, టాక్-వన్, బీఎస్ఎమ్-వన్, అపా-వన్ అంటే జబ్బుల పేర్లు కావు, జీన్ల పేర్లు కూడా కావు. కత్తెరల పేర్లు. డీఎన్ఏని ఫలానా అక్షరాల వరస దగ్గరే కోసే ఎంజైములు బాక్టీరియాలో ఉంటాయి. ఫ్లేవోబాక్టీరియం ఒకియానోకోయిటిస్ అనే బాక్టీరియా నుంచి వచ్చినది ఫోక్-వన్. అమెరికాలో యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో కనిపెట్టిన థర్మస్ అక్వాటికస్ నుంచి వచ్చినది టాక్-వన్. మీ డీఎన్ఏలో ఆ కత్తెర కోయగలిగిన చోటుంటే చిన్న అక్షరం వేస్తారు, లేకపోతే పెద్ద అక్షరం. చిన్న ఎఫ్ అంటే ‘లోపం’ అని ఎవరూ అనలేదు, ల్యాబులో రాసుకునే గుర్తు అది.

అప్పట్లో పని ఇలా ఉండేది. రక్తం నుంచి డీఎన్ఏ తీసి, కావలసిన ముక్కని పీసీఆర్ అనే కాపీలు తీసే పద్ధతిలో పెంచేవాళ్ళం. ఫోక్-వన్ ముక్క 265 అక్షరాల పొడవు. దాంట్లో ఎంజైమ్ కలిపి కొన్ని గంటలు వెచ్చగా ఉంచి, జెల్ మీద కరెంటు పెట్టి నడిపించి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం మీద పెడితే నారింజ రంగు గీతలు మెరిసేవి. పైన 265 దగ్గర ఒక్క గీతే ఉంటే పెద్ద ఎఫ్ జంట. అది తెగి 196 దగ్గర ఒకటి, 69 దగ్గర ఒకటి ఉంటే మీలా చిన్న ఎఫ్ జంట. మూడూ కనిపిస్తే అమ్మ నుంచి ఒక రకం, నాన్న నుంచి ఇంకో రకం వచ్చినట్టు.

ఒక మే నెలలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగింది. మా ఎంజైమ్ నీరసపడి సగం కోసి సగం వదిలేసింది. దాంతో చిన్న ఎఫ్ జంట ఉన్నవాళ్ళ వరసల్లో కూడా పైన పల్చగా మూడో గీత మిగిలిపోయింది. నేను కళ్ళు చికిలించుకుని దాన్ని ‘మిశ్రమం’ అని రాసుకుంటూ పోయాను. ఒక కుటుంబంలో అమ్మానాన్న ఇద్దరూ చిన్న ఎఫ్ జంటలని తేలి, బిడ్డ మాత్రం మిశ్రమం అని వచ్చేసరికి కళ్ళు తెరుచుకున్నాయి. ఇద్దరి దగ్గరా లేని పెద్ద ఎఫ్ బిడ్డకి ఎక్కణ్ణుంచి వస్తుంది? వారం రోజుల పని చెత్తబుట్టలో పోసి మొదటినుంచి చేశాం. ఇప్పుడు చిప్పుల మీద చదువుతారు కాబట్టి ఆ తరహా తప్పులు తక్కువ. మీ రిపోర్టులో అక్షరాలు సరిగానే ఉండి ఉంటాయి, వాటికి చెప్పిన అర్థంలోనే పేచీ.

ఈ జీన్ చరిత్రలోనే అలాంటి పెద్ద పాఠం ఒకటుంది. 1994లో సిడ్నీలోని గార్వాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నేచర్ పత్రికలో ఒక పేపరు వేశారు. ఎముకల గట్టిదనంలో వంశం నుంచి వచ్చే తేడాలో 75 శాతం దాకా ఈ ఒక్క విడిఆర్ జీనే వివరిస్తుందని అందులో రాశారు. ప్రపంచంలో ప్రతి ల్యాబూ ఆ బీఎస్ఎమ్-వన్ కత్తెర పట్టుకుంది. మేమూ అలా పట్టుకున్నవాళ్ళమే. 1997లో అదే పత్రికలో అదే బృందం సవరణ వేసింది. కొన్ని శాంపిళ్ళ జీనోటైపు (ఎవరికి ఏ అక్షరాల జంట ఉందన్నది) తప్పు చదివారు, సరిచేసి చూస్తే ప్రభావం బాగా చిక్కిపోయింది. కానీ ఆ మూడేళ్ళలో విడిఆర్ మీద పుట్టిన మోజు మాత్రం చిక్కలేదు. క్యాన్సర్, టీబీ, షుగరు, చివరికి ఊబకాయం, ప్రతి జబ్బుకీ ఈ నాలుగు కత్తెరలతోనే వెతికారు. ఎందుకంటే టెస్టు చవక, కత్తెరలు ఫ్రీజర్లో రెడీగా ఉన్నాయి. మీ రిపోర్టులో విడిఆర్‌కి ఒక పేజీ దక్కడానికి అసలు కారణం నన్నడిగితే ఇదే.

విడిఆర్ చేసే పని చూద్దాం. చర్మంలో ఎండకి తయారైన విటమిన్ డి కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఇంకోసారి మారి క్యాల్సిట్రయాల్ అనే హార్మోన్ అవుతుంది. అది కణంలోకి వెళ్ళి పట్టుకునే ప్రోటీనే విడిఆర్. ఇద్దరూ కలిసి డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జీన్లని ఆన్ చేస్తారు, కొన్నిటిని ఆఫ్ చేస్తారు. పేగులో కాల్షియం పీల్చుకునే ఏర్పాటంతా అలాగే నడుస్తుంది. కొవ్వు కణాల్లో కూడా ఈ ప్రోటీన్ ఉంది. ఊబకాయంతో దీనికి చుట్టరికం కలపాలన్న ఆలోచన అక్కడే పుట్టింది, అది అర్థంలేని ఆలోచనేం కాదు.

నాలుగు మార్పుల్లో ప్రోటీన్‌ని నిజంగా మార్చేది ఫోక్-వన్ ఒక్కటే. జీన్ చదవడం మొదలయ్యే చోట ఏటీజీ అనే మూడక్షరాలుంటాయి. మీ రకంలో ఆ ఏటీజీ ఉంది, 427 అమైనో ఆమ్లాల ప్రోటీన్ తయారవుతుంది. పెద్ద ఎఫ్ రకంలో అది ఏసీజీగా మారడం వల్ల మొదటి మెట్టు దాటేసి తర్వాతి ఏటీజీ దగ్గర మొదలవుతుంది, మూడు తగ్గి 424 అవుతాయి. ఈ పొట్టి రకం ల్యాబులో కాస్త చురుగ్గా పనిచేస్తుంది. తేడా ఉంది, కాదనను. కానీ ‘కాస్త చురుకు తక్కువ’కీ ‘ఒంటికి పట్టదు’కీ మధ్య చార్మినార్‌కీ శంషాబాద్‌కీ ఉన్నంత దూరం ఉంది.

టాక్-వన్ మార్పయితే మరీ అమాయకం. ఏటీటీ కాస్తా ఏటీసీ అవుతుంది. రెండిటికీ వచ్చేది ఐసోల్యూసిన్ అనే ఒకే అమైనో ఆమ్లం. పెళ్ళి అని అచ్చేసినా పెండ్లి అని అచ్చేసినా భోజనం అదే కదా. బీఎస్ఎమ్-వన్, అపా-వన్ రెండూ ప్రోటీన్‌లోకి రాని భాగంలో ఉన్నాయి. ఈ మూడూ ఒకే బస్తీవాళ్ళు, ఇరుగుపొరుగున ఉండి తరతరాలుగా చాలామటుకు కలిసే వస్తుంటాయి. కాబట్టి రిపోర్టులో మూడు మార్పులకి మూడు ఎర్రచుక్కలు పెడితే మూడు సాక్ష్యాలు దొరికాయని అనుకోవద్దు. ఒకే సాక్షి మూడుసార్లు సంతకం పెట్టాడు.

పైగా చిన్న ఎఫ్ ఏమంత అరుదైనదీ కాదు. చాలా జనాభాల్లో అది మూడో వంతుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన నూటికి పదిమంది దాకా మీలా జంటగా ఉంటారు. మియాపూర్ మెట్రో పెట్టెలో రెండొందల మంది నిలబడితే ఇరవై మంది మీ జట్టు. వాళ్ళలో వెదురుబద్దలా సన్నగా ఉన్నవాళ్ళూ ఉంటారు.

మరి ఊబకాయంతో సంబంధం ఉందని పేపర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. ఉదాహరణకి 2004లో స్వీడన్లో 20 నుంచి 39 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో విడిఆర్ మార్పులకీ కొవ్వుకీ బరువుకీ లంకె కనిపించిందని ఒక పేపరు. ఎంతమందిని చూశారు? 175 మందిని. ఒక దేశంలో టాక్-వన్ అంటారు, ఇంకో దేశంలో అపా-వన్, మరోచోట ఏదీ లేదంటారు. ఒకచోట పెద్ద అక్షరం దోషి, ఇంకోచోట చిన్నది. ఇలా ఎందుకవుతుందో లెక్క చూడండి. అయిదు మార్పులు తీసుకుని బరువు, నడుము, కొవ్వు శాతం, షుగరు, కొలెస్ట్రాల్ అంటూ ఎనిమిది కొలతలతో పోల్చితే 40 పోలికలు. నూటికి అయిదుసార్లు కాకతాళీయంగా వచ్చినా సరేనన్న మామూలు గీత పెట్టుకుంటే, అసలేమీ లేకపోయినా అందులో రెండు ఉత్త పుణ్యానికి ‘దొరుకుతాయి’. ఆ రెండూ పేపరెక్కుతాయి, మిగతా 38 అటకెక్కుతాయి. నా సొంత డేటాలోనే ఇలాంటి ముచ్చట చూసి సంబరపడి, తర్వాతి బ్యాచిలో అది మాయమైతే గుటక మింగాను.

అందుకే తర్వాత పద్ధతి మారింది. ముందే ఒక జీన్‌ని అనుమానించకుండా మొత్తం జీనోమ్ వెతకడం, లక్షల మందిలో చూడటం, గీతని నూటికి అయిదు దగ్గర కాకుండా రెండు కోట్లలో ఒకటి దగ్గర పెట్టడం. 2015లో దాదాపు 3,39,000 మందిని అలా చూస్తే బీఎంఐతో (ఎత్తుతో పోల్చి బరువు చూసే కొలత) సంబంధం ఉన్నవి 97 చోట్లు తేలాయి. ఆ 97 కలిపినా మనిషికీ మనిషికీ ఉన్న బీఎంఐ తేడాలో వివరించింది 2.7 శాతం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే ఉంటుంది గానీ ఆ ఎలుక నిజమైనది, ఎక్కడ వెతికినా దొరుకుతుంది. దాని ముందు ఒక్క విడిఆర్ అక్షరం చూసి ‘హై’ అని ముల్లు తిప్పడం ఏ లెక్కో మీరే చెప్పండి.

వీటన్నిటిలో పెద్దన్న ఎఫ్‌టీఓ అనే జీన్. 2007లో బయటపడింది. దాని రిస్కు రకం రెండు కాపీలూ ఉన్న యూరోపియన్లు, ఒక్కటీ లేనివాళ్ళ కన్నా సగటున 3 కిలోలు ఎక్కువున్నారు. మూడే మూడు కిలోలు, అదీ రెండు కాపీలూ ఉంటే. మన హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చాందక్ గారి బృందం పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ గారితో కలిసి 2009లో భారతీయుల్లో దీన్ని చూస్తే, షుగరు జబ్బుతో దీనికున్న సంబంధాన్ని బరువు ఒక్కటే పూర్తిగా వివరించలేకపోయింది. యూరపులో చూసినదాన్ని మన ఒంటికి అచ్చుగుద్దినట్టు అతికించకూడదని అప్పటికే తెలిసిన విషయం.

‘మీ ఒంటికి డి పట్టదు’ అన్న మాట ఇంకా తప్పు. రక్తంలో విటమిన్ డి ఎంత ఉండాలన్నది ఏ జీన్లు నిర్ణయిస్తాయో 2010లో సుమారు 34,000 మంది యూరోపియన్లలో చూశారు. చర్మంలో డి తయారీకి కావలసిన ముడిసరుకుని వాడేసే ఎంజైమ్ జీన్, కాలేయంలో దాన్ని మార్చే ఎంజైమ్ జీన్, రక్తంలో మోసుకెళ్ళే ప్రోటీన్ జీన్, పనయ్యాక ముక్కలు చేసే ఎంజైమ్ జీన్ తేలాయి. విడిఆర్ ఆ జాబితాలో లేదు. అంటే మీ 11 కీ ఆ చిన్న ఎఫ్‌కీ ముడిపెట్టడానికి ఆధారం లేదు. రెండూ ఒకే రిపోర్టులో పక్కపక్కన అచ్చయ్యాయి, అంతే.

ఇప్పుడు తమాషా చూడండి. కౌన్సెలర్ చెప్పిన కథ నిజమైతే, విడిఆర్ బొత్తిగా లేని ఎలుకలు గుమ్మడికాయల్లా ఉండాలి. ల్యాబుల్లో ఆ జీన్ తీసేసిన ఎలుకల్ని పెంచారు. అవి బక్కపల్చగా ఉన్నాయి, కొవ్వు దట్టించిన తిండి పెట్టినా లావెక్కకుండా ఎదురు నిలిచాయి. శక్తిని వేడిగా తగలేసే ప్రోటీన్ వాటి కొవ్వులో ఎక్కువగా పనిచేసింది. తిరగేసి, కొవ్వు కణాల్లో మనిషి విడిఆర్‌ని అదనంగా పెట్టిన ఎలుకలకి కొవ్వు పెరిగింది. అంటే ఎలుక సాక్ష్యం ఎర్ర ముల్లుకి పూర్తిగా ఎదురు. ఎలుకని చూసి మనిషికి మందు రాయకూడదు, ఒప్పుకుంటాను. కానీ కథ చెప్పేవాళ్ళు ఏ ఎలుకని చూసి చెప్పారో?

మనుషుల్లో కూడా విడిఆర్ పూర్తిగా చెడిపోయిన కుటుంబాలున్నాయి, చాలా అరుదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడ్డ కాపీయే వస్తే పిల్లలకి పసితనంలోనే రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వస్తుంది, కాళ్ళు వంకరపోతాయి, చాలామందికి నెత్తి మీద జుట్టే ఉండదు. మేనరికాల్లో ఇలాంటివి ఎక్కువ బయటపడతాయి. ‘విటమిన్ డి పట్టదు’ అన్న మాట నిజంగా వర్తించేది వాళ్ళకే. మీ కాళ్ళు తిన్నగా ఉన్నాయి, ప్రొఫైల్ ఫోటోలో జుట్టు కూడా దట్టంగానే ఉంది.

బాణం ఎటు నుంచి ఎటు అన్న సంగతికొస్తాను. వేసవిలో మీ అపార్టుమెంటుకి ట్యాంకర్ వస్తుంది కదా. 5,000 లీటర్ల ట్యాంకర్ రెండు మీటర్లకి రెండు మీటర్ల సంపులో పోస్తే నీళ్ళు మీటరుంపావు ఎత్తుకి వస్తాయి. అదే ట్యాంకర్ నాలుగు మీటర్లకి రెండున్నర మీటర్ల సంపులో పోస్తే అరమీటరే. వాచ్‌మన్ కర్ర ముంచి చూసి ‘నీళ్ళు తక్కువొచ్చాయి సార్’ అంటాడు. నీళ్ళు అవే, సంపు పెద్దది. విటమిన్ డి కొవ్వులో కరిగేది కాబట్టి ఒళ్ళు పెరిగినకొద్దీ అది చెదిరిపోయే చోటు పెరుగుతుంది, రక్తంలో కర్ర ముంచితే తక్కువ కనిపిస్తుంది. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో లావుగా ఉన్నవాళ్ళకీ మామూలు బరువున్నవాళ్ళకీ ఒకేలా అల్ట్రావయొలెట్ కాంతి పెట్టారు. చర్మంలో ముడిసరుకు ఇద్దరికీ దాదాపు సమానమే. రక్తంలోకి వచ్చిన డి మాత్రం లావుగా ఉన్నవాళ్ళలో 57 శాతం తక్కువగా పెరిగింది. నీళ్ళ మట్టం తగ్గిందని సంపు పెద్దదవుతుందా? మీ కౌన్సెలర్ చెప్పింది అదే.

దీన్ని జీన్లతోనే తేల్చారు కూడా. ఎవరికి ఏ జీన్ రకం వస్తుందన్నది పుట్టకముందే వేసిన చీటీ. తర్వాతి తిండి, ఉద్యోగం, ఎండ ఆ చీటీని మార్చలేవు. కాబట్టి లావుకి మొగ్గే చీటీలు పడ్డవాళ్ళలో డి తక్కువుందా, డి తక్కువకి మొగ్గే చీటీలు పడ్డవాళ్ళు లావుగా ఉన్నారా అని విడివిడిగా చూడొచ్చు. 2013లో విమలేశ్వరన్, ఇంకా పలువురు కలిసి 21 అధ్యయనాల్లోని 42,024 మందిలో చూశారు. మొదటిది నిజమైంది, రెండోదానికి ఆధారం దొరకలేదు. బీఎంఐ ఒక యూనిట్ పెరిగితే డి 1.15 శాతం తగ్గుతుందని కూడా లెక్క తేల్చారు.

ఆ లెక్క మీకు వేసి చూద్దాం. మీ బీఎంఐ సుమారు 29.8. 22 ఉండాల్సిందనుకుంటే ఎనిమిది యూనిట్లు ఎక్కువ, అంటే డి తొమ్మిది శాతం తక్కువ. 12 ఉండాల్సింది 11 అయింది. కాబట్టి నా సంపు కథ విని నేరమంతా పొట్ట మీదకి తోయొద్దు. మిగతాదంతా ఎండ లేకపోవడమే. తొమ్మిదికి క్యాబ్ ఎక్కి, అద్దాల బిల్డింగులో కూర్చుని, చీకటి పడ్డాక దిగేవాడికి 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న హైదరాబాద్ ఎండ ఉండీ లేనట్టే. అద్దం గుండా వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, డి తయారుచేసే కిరణం రాదు.

డి వేసుకుంటే బరువు దిగుతుందా? దిగదు. అమెరికాలో వైటల్ అనే ట్రయల్లో 25,871 మందిలో సగానికి రోజుకి 2,000 యూనిట్ల డి చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చారు. వాళ్ళలో కొంతమందికి రెండేళ్ళ తర్వాత కొవ్వు, బరువు కొలిచి చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా రాలేదు. షుగరు అంచున ఉన్న 2,423 మందికి రోజుకి 4,000 యూనిట్లు ఇచ్చిన ఇంకో ట్రయల్ 2019లో వచ్చింది, అందులో కూడా షుగరు రాకుండా ఆపినట్టు స్పష్టంగా తేలలేదు.

అయినా మీ 11ని వదిలేయమనడం లేదు. ఎముకలకీ కండరాలకీ అది తక్కువే, సరిచేసుకోవాలి. (అసలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి, లావుగా ఉన్నా సరే, ఊరికే డి టెస్టు చేయొద్దని 2024లో హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. మన హెల్త్ చెకప్ ప్యాకేజీలవాళ్ళకి ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.) మామూలుగా డాక్టర్లు 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాసి, తర్వాత రోజువారీ చిన్న డోసుకి దింపుతారు. ఊబకాయం ఉన్నవాళ్ళకి మామూలు డోసు కన్నా రెండు మూడు రెట్లు కావాలని ఆ సొసైటీవాళ్ళే 2011 మార్గదర్శకాల్లో రాశారు. అంటే కౌన్సెలర్ చెప్పిన ‘డబుల్ డోసు’ గుడ్డిగా వేసిన రాయే అయినా తగిలింది. కారణం మాత్రం జీన్ కాదు, సంపు.

‘జీవితాంతం’ అన్న మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండింది. వారానికి 60,000 అంటే రోజుకి 8,571. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన రోజువారీ అవసరం 600 యూనిట్లు, పెద్దవాళ్ళు ఎవరికి వాళ్ళు దాటకూడని హద్దు 4,000. డాక్టరు రాసినన్నాళ్ళు వాడి ఆపకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాను. ఒక పెద్దాయన వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా విని రెండు నెలలు పాలల్లో కలుపుకుని తాగారు. ఆకలి చచ్చిపోయి, మలబద్ధకం, వాంతులు, మాట తడబడటం. పక్షవాతం అనుకుని పిల్లలు ఆసుపత్రికి పరిగెత్తారు. చూస్తే రక్తంలో కాల్షియం కొండెక్కి కూర్చుంది, కిడ్నీలు దెబ్బతినబోతున్నాయి. డి ఒంట్లోంచి అంత తేలిగ్గా పోదు కూడా, అది దిగేదాకా ఆయన వారాల తరబడి పడ్డారు.

ఎండ విషయం. పొద్దున్న ఆరున్నరకి కేబీఆర్ పార్కులో నడిచేవాళ్ళందరూ డి వస్తుందనే అనుకుంటారు. నడక మంచిదే, డి మాత్రం రాదు. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఆ కిరణం సరిగా దిగుతుంది. తిరుపతిలో హరినారాయణ్ గారు చేసిన పరిశోధనలో పదకొండు నుంచి రెండు మధ్యే డి బాగా తయారైంది. ఊరినిండా ఎండ ఉన్న తిరుపతి చుట్టుపక్కల కూడా ఆయన చూసిన జనంలో చాలామందికి డి తక్కువే ఉందన్నది గుర్తుంచుకోండి. లంచ్ తర్వాత క్యాంటీన్ వెనక చేతులు మడిచి పావుగంట, వారానికి నాలుగైదు రోజులు నిలబడితే కొంత పని జరుగుతుంది. మేలో మాత్రం వద్దు, వడదెబ్బ తగిలితే డి లెక్క తర్వాత చూసుకోవాల్సొస్తుంది. ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలలో, నూనెలో డి కలుపుతారు గానీ అర లీటరు పాలతో వచ్చేది వందా నూటయాభై యూనిట్లే.

బరువు గురించి కొత్తగా చెప్పడానికేం లేదు, మీకు తెలిసిందే. మనకి బీఎంఐ హద్దులు తక్కువ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, మీది 102. మీ అమ్మగారికి షుగరని రాశారు, ఆ ఒక్క వాక్యం 14,000 రిపోర్టు కన్నా విలువైన జెనెటిక్ సమాచారం. పుణేలో పుట్టే పిల్లలు ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లో పుట్టే పిల్లల కన్నా సగటున 800 గ్రాములు తక్కువుండి కూడా చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గకుండా పుడతారని యాజ్ఞిక్ గారు 2003లో చూపించారు. పుట్టుకతోనే కండ తక్కువ, బరువుతో పోల్చితే కొవ్వు ఎక్కువ. కాబట్టి ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), కొలెస్ట్రాల్, కాలేయం టెస్టులు చేయించండి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో చక్కెర రోజుకి 25 గ్రాములు దాటొద్దంది. ఆఫీసు కింద మీరు తాగే ఇరానీ చాయ్‌లో రెండు చెంచాలంటే 10 గ్రాములు. మూడు చాయ్‌లకే 30. ఉస్మానియా బిస్కెట్లు నేను లెక్కలో వేయలేదు.

పాప గురించి ఒక్కటి. పిల్లల్లో ఊబకాయానికి జీన్ టెస్టు అవసరమయ్యే సందర్భాలున్నాయి. అయిదేళ్ళలోపే విపరీతంగా లావెక్కి, ఎంత పెట్టినా ఆకలి తీరక ఏడ్చే పిల్లలకి. 1997లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పిల్లల్లో లెప్టిన్ హార్మోన్ జీన్ చెడిందని కనిపెట్టారు. వాళ్ళు పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలోని దగ్గరి చుట్టాల బిడ్డలు, అమ్మానాన్నలవి కూడా చుట్టరికపు పెళ్ళిళ్ళే. అందులో పెద్దపాపకి ఎనిమిదేళ్ళు, బరువు 86 కిలోలు. అవును, ఇవాళ మీ బరువే. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ పాప ఆకలి తగ్గింది, బరువు దిగింది. జీన్ కారణమైతే కథ అలా ఉంటుంది, మందు కూడా అలా పనిచేస్తుంది. మీ పాప బరువు 27 కిలోలని, తరగతిలో అందరిలాగే ఉందని మీరే రాశారు.

ఇంకోటి, మీరు పెట్టిన రిపోర్టు ఫోటోలో పైన ఎడమవైపు మీ ఫోన్ నంబరు, పుట్టినతేదీ, బార్‌కోడ్ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫోటో తీసేసి, ఆ మూడూ చెరిపి మళ్ళీ పెట్టండి. హెచ్‌బీఏ1సీ వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.